ఎంఐఎస్ కంప్యూటర్ సబ్జెక్టా, మేనేజ్‌మెంట్ సబ్జెక్టా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది కొండపి దగ్గర పల్లెటూరు. డిగ్రీలో బీకాం కంప్యూటర్స్ చేసి ఇప్పుడు ఒంగోలులో ఎంబీఏ చదువుతున్నాను. మొదటి ఏడాది అయిపోవస్తోంది, స్పెషలైజేషన్ ఎంచుకోవాలి. నాకు సిస్టమ్స్ తీసుకోవాలని ఉంది, ఎందుకంటే అన్ని పేపర్లలోకీ ఎంఐఎస్ (మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్) ఒక్కటే ఇష్టంగా చదివాను. కానీ వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఎంఐఎస్ అంటే ఏంటని అడిగితే పుస్తకంలో ఉన్నది చెప్పాను. "అది సరేనమ్మా, కంప్యూటర్ సైన్స్‌కీ దీనికీ తేడా ఏంటి, మామూలు మేనేజ్‌మెంట్‌కీ దీనికీ తేడా ఏంటి, అసలిది విడిగా ఒక సబ్జెక్టు ఎందుకయింది" అన్నారు. నోరు పెగల్లేదు. ఇంటికొస్తే నాన్న (మాకు పొగాకు బ్యారన్, అంటే ఆకు కాల్చి ఆరబెట్టే కొట్టం, ఉంది) "కంప్యూటరా, వ్యాపారమా, ఏందమ్మా ఈ చదువు" అంటున్నాడు. మా బావ సీఎస్ఈ చేసి హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడు, ఆయన దృష్టిలో ఇది కోడింగ్ రానివాళ్లు తీసుకునే కోర్సు. కన్సల్టెన్సీ వాళ్లేమో అమెరికాలో ఎంఎస్ ఎంఐఎస్ చెయ్యండి, ఈజీ అంటున్నారు. నాకైతే ఎప్పటికైనా పీహెచ్‌డీ చెయ్యాలని ఉంది. ఏ ఫీల్డో సరిగ్గా తెలియకుండా దిగాలంటే టెన్షన్‌గా ఉంది. ప్రాజెక్టుకి ఏ టాపిక్ తీసుకోవాలో కూడా చెప్పండి. పేరు వెయ్యొద్దు.

సమాధానం: అమ్మా, ముందు ఒక సంగతి చెప్తాను, నీ టెన్షన్ సగం దాంతోనే పోతుంది. ఆ ఎగ్జామినర్ అడిగిన ప్రశ్న మీద ఈ ఫీల్డులో తలపండిన ప్రొఫెసర్లే దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు, ఇంకా ఒక్క మాట మీదికి రాలేదు. 2003లో ఇజాక్ బెన్‌బసత్, రాబర్ట్ జ్మూడ్ అనే ఇద్దరు పెద్దలు ఈ రంగంలో బాగా పేరున్న పత్రిక ఎంఐఎస్ క్వార్టర్లీలోనే, మన సబ్జెక్టుకి గుర్తింపు సంక్షోభం వచ్చిందని వ్యాసం రాశారు. మన పరిశోధనల్లో చాలావాటిలో అసలు కంప్యూటర్ వ్యవస్థ ఊసే ఉండటం లేదు, అలాంటప్పుడు ఇది మన ఫీల్డు అని ఎలా చెప్పుకుంటాం అన్నది వాళ్ల బాధ. దాని మీద ఒప్పుకుంటూ, కాదంటూ బోలెడు జవాబులు వచ్చాయి. అంత చర్చ నడిచిన ప్రశ్న దగ్గర ఎంబీఏ మొదటి ఏడాది పిల్ల ఆగిపోతే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అలాగని జవాబు లేదనుకోకు. నేను నెల్లూరులో ఈ సబ్జెక్టు చెప్పే క్లాసులో మొదటి రోజే చెప్పే మాట ఇది: సమాచారాన్ని సేకరించి, దాచి, లెక్కకట్టి, చూపించే వ్యవస్థ ఒకటి ఏదైనా సంస్థలోకి వచ్చినప్పుడు అక్కడి పని ఎలా మారుతుంది, నిర్ణయాలు ఎలా మారతాయి, ఎవరి పెత్తనం పెరిగి ఎవరిది తగ్గుతుంది, అదే వ్యవస్థ ఒకచోట ఫలించి ఇంకోచోట ఎందుకు మూలపడుతుంది, ముందే తెలుసుకుని దాన్ని బాగా ఎలా కట్టుకోవచ్చు, ఈ ప్రశ్నలకి జవాబు వెతికే చదువే ఎంఐఎస్. ఇక్కడ ఫీల్డుని నిర్ణయించేది ప్రశ్న. పనిముట్టుని బట్టి నిర్ణయించబోతే ప్రతి పదేళ్లకీ పనిముట్టు మారిపోతుంది, పంచ్ కార్డులు పోయి పీసీలు వచ్చాయి, పీసీలు పోయి ఫోన్లు వచ్చాయి, ఇప్పుడు ఏఐ వచ్చింది, ప్రశ్న మాత్రం అదే.

ఇది ఇలా చెప్తే గాల్లో మాటలాగే ఉంటుంది కాబట్టి మీ నాన్నకి బాగా తెలిసిన చోటికే పోదాం, పొగాకు వేలం కేంద్రానికి. పొగాకు బోర్డు ఇచ్చిన తేదీకి రైతు బేళ్లు, అంటే పొగాకు కట్టలు, తీసుకొస్తాడు. ప్రతి బేలునీ తూకం వేస్తారు, దానికి నంబరున్న చీటీ పడుతుంది, ఆ నంబరు వెనకాల ఏ రైతు, ఏ బ్యారన్, ఆ బ్యారన్‌కి ఎంత అమ్ముకునే అనుమతి ఉంది, ఇప్పటికి ఎంత అమ్మాడు అన్నదంతా ఉంటుంది. బోర్డు మనుషులు ఆకు చూసి గ్రేడ్ పెడతారు. బేళ్లు వరసగా పేర్చి ఉంటే వ్యాపారుల తరఫు కొనుగోలుదార్లు ఆ వరస వెంట నడుస్తూ ఆకు లాగి చూసి, నలిపి, వాసన చూసి, ఒకప్పుడు నోటితో పాడిన ధరని ఇప్పుడు చేతిలో ఉన్న చిన్న పరికరం మీద నొక్కుతున్నారు. ధర నచ్చకపోతే రైతు ఇవ్వనని చెప్పొచ్చు. ఎవరూ పాడకపోతే అది నో బిడ్, ఆ బేలు మళ్లీ బండెక్కి ఇంటికి రావాల్సిందే. అమ్ముడైతే డబ్బు బ్యాంకు ఖాతాలో పడుతుంది.

ఇప్పుడు ఆ ఒక్క బేలు పక్కన ముగ్గురిని నిలబెట్టు. మీ బావ నిలబడితే ఆయనకి వచ్చే ప్రశ్నలు వేరు: ఇంతమంది ఒకేసారి ధర నొక్కితే ఏది ముందు వచ్చిందో సిస్టమ్ ఎలా తేలుస్తుంది, నెట్‌వర్క్ పడిపోతే అప్పటిదాకా వచ్చిన డేటా ఏమవుతుంది, ఎవరన్నా లోపలికి చొరబడి ధర మార్చకుండా ఏం చెయ్యాలి. ఇవి కష్టమైన ప్రశ్నలు, గౌరవించాల్సిన ప్రశ్నలు, కంప్యూటర్ సైన్స్ ప్రశ్నలు. మీ క్లాసులో మార్కెటింగో ఫైనాన్సో తీసుకున్న పిల్ల నిలబడితే ఈ ఏడాది బ్రైట్ గ్రేడ్‌కి డిమాండ్ ఎంత, లో గ్రేడ్ ధర ఎందుకు పడింది, ఎగుమతి ఆర్డర్లు ఎలా ఉన్నాయి, రైతుకి కిలోకి ఖర్చెంత అని చూస్తుంది. నువ్వు నిలబడితే? నోటితో పాడే వేలం పోయి పరికరం మీద నొక్కే వేలం వచ్చాక ఎవరెంత పాడారో పక్కవాళ్లకి తెలియడం తగ్గిందా పెరిగిందా, దానివల్ల పోటీ పెరిగిందా, లేక కొనే కంపెనీలే కొన్నయినప్పుడు పరికరం మారినా ధర మారదా? గ్రేడ్ పెట్టే మనిషి చేతిలో ఉన్న అధికారం, అది కంప్యూటర్లో ఎక్కాక బలపడిందా, ప్రశ్నించడం తేలికైందా? టంగుటూరులో ఈ రోజు ఇదే గ్రేడ్‌కి ఏ ధర పలికిందో కొండపిలో రైతుకి ఫోన్లో కనబడితే బేలు ఇవ్వాలా వద్దా అన్న అతని నిర్ణయం మారుతుందా, లేక అప్పులవాడు గుమ్మంలో ఉన్నాడు కాబట్టి ధర తెలిసినా అమ్మక తప్పదా?

ఈ మూడో రకం ప్రశ్నలకి సీఎస్ఈ సిలబస్‌లోనూ చోటు లేదు, ఫైనాన్స్ సిలబస్‌లోనూ లేదు. అందుకే విడిగా ఒక సబ్జెక్టు అవసరమైంది. ఎగ్జామినర్‌కి ఈ బేలు ఉదాహరణ ఒక్కటి చెప్పినా సరిపోయేది.

చరిత్ర కొంచెం తెలిసి ఉంటే నీకు ఇంకా ధైర్యం వస్తుంది. వ్యాపారంలో కంప్యూటర్‌ని మొదట వాడింది ఏ బ్యాంకో అనుకుంటాం. లండన్‌లో లయన్స్ అని టీ దుకాణాలు, బేకరీలు నడిపే కంపెనీ ఒకటి ఉండేది, వాళ్లు లియో అనే కంప్యూటర్‌ని సొంతంగా తయారుచేసుకుని 1951లో బేకరీల లెక్కలు దాని మీద వేయడం మొదలుపెట్టారు. ఆ తర్వాత పదిహేనేళ్లు పెద్ద కంపెనీల్లో జీతాల పట్టీలు, స్టాకు లెక్కలు, బిల్లులు ఇవే కంప్యూటర్ పని. 1960ల్లో జనానికి ఆశ పుట్టింది: ఇన్ని లెక్కలు యంత్రంలో ఉన్నాయి కదా, ఇవే తిప్పి మేనేజర్‌కి నిర్ణయాలకు పనికొచ్చేలా ఇవ్వలేమా? 1965లో హార్వర్డ్‌లో రాబర్ట్ ఆంథోనీ సంస్థలో నిర్ణయాలని మూడు అంతస్తులుగా విడదీశాడు, పైన దీర్ఘకాలిక ప్రణాళిక, మధ్యలో అజమాయిషీ, కింద రోజువారీ పని. నీ పుస్తకంలో ఉన్న పిరమిడ్ బొమ్మ వెనక ఉన్న ఆలోచన అదే. 1968లో మిన్నెసోటా యూనివర్సిటీలో ఎంఐఎస్ పరిశోధన కేంద్రం పెట్టారు, దాని వెనకున్న గోర్డన్ డేవిస్‌ని ఈ ఫీల్డుకి పితామహుడు అంటారు. ఆయన వచ్చింది అకౌంటింగ్ నుంచి, ఇది గుర్తుపెట్టుకో, బీకాం పిల్లవి నీకు పనికొస్తుంది. 1974లో ఆయన రాసిన పాఠ్యపుస్తకంలోని నిర్వచనమే అటూ ఇటూ తిరిగి మీ గైడుల దాకా వచ్చింది: సంస్థలో రోజువారీ పనికీ, నిర్వహణకీ, నిర్ణయాలకీ కావాల్సిన సమాచారాన్ని అందించే, మనిషీ యంత్రమూ కలిసిన సమగ్ర వ్యవస్థ. నువ్వు వైవాలో చెప్పింది తప్పు కాదమ్మా. "మనిషీ యంత్రమూ కలిసిన" అన్న ముక్క దగ్గర ఆగి ఉంటే ఎగ్జామినర్ అడిగిన తేడా అక్కడే దొరికేది. డేవిస్ దృష్టిలో చూస్తే వేలం కేంద్రంలో సర్వర్ ఒక్కటే సిస్టమ్ కాదు, గ్రేడ్ పెట్టే మనిషి, ఆకు నలిపి చూసే కొనుగోలుదారు, చీటీ పట్టుకుని నిలబడ్డ మీ నాన్న, వీళ్లంతా సిస్టమ్‌లో భాగమే.

ఈ ఫీల్డులో నాకు బాగా నచ్చేది, పుట్టినప్పటి నుంచే దీనికి గట్టి విమర్శకులు ఉండటం. 1967లోనే రస్సెల్ ఆకాఫ్ అనే ఆయన, మేనేజర్లకి సమాచారం చాలక ఇబ్బంది పడుతున్నారని మీరంతా అనుకుంటున్నారు, నిజానికి పనికిరాని సమాచారం కుప్పలుగా వచ్చి పడటమే వాళ్ల ఇబ్బంది అన్నాడు. అరవై ఏళ్ల కిందటి మాట, వాట్సాప్ గ్రూపుల్లో రోజుకి వంద మెసేజ్‌లు చూసే ఏ మండల ఆఫీసు ఉద్యోగిని అడిగినా ఔనంటారు. 1972లో జాన్ డియర్డెన్ ఇంకా గట్టిగా, ఎంఐఎస్ అనేదే ఎండమావి అని హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. అన్ని శాఖలకీ సరిపోయే ఒకే ఒక మహా వ్యవస్థ కట్టేస్తాం అన్న ఆశని ఆయన కొట్టిపారేశాడు. ఆయన అన్నదాంట్లో చాలావరకు నిజముంది, ఆ దెబ్బ తగిలాకే ఫీల్డు నేల మీదికి వచ్చిందని నా అభిప్రాయం.

ఆ మధ్యలో, 1971లో, ఎంఐటీ నుంచి గోరీ, స్కాట్ మోర్టన్ ఇద్దరూ ఇచ్చిన ఒక విభజన ఇప్పటికీ బంగారంలా పనిచేస్తుంది. కొన్ని నిర్ణయాలకి సూత్రం ఉంటుంది, యంత్రానికి వదిలెయ్యొచ్చు. బేలు బరువుని ధరతో గుణించి, కోతలు తీసేసి, ఎంత జమ చెయ్యాలో తేల్చడం అలాంటిది. కొన్నిటికి సూత్రమే ఉండదు, వచ్చే ఏడాది పొగాకు వెయ్యాలా, శనగకి మారాలా అన్నది అలాంటిది. మధ్యలో సగం సూత్రానికి అందేవి ఉంటాయి: ఈ రోజు వచ్చిన ధరకి ఇచ్చెయ్యనా, వచ్చే వారం దాకా ఆగనా? ఇక్కడ యంత్రం నిర్ణయం తీసుకోకూడదు, నిర్ణయం తీసుకునేవాడి ముందు కావాల్సిన నాలుగు అంకెలు పెట్టాలి, అంతే. ఏ నిర్ణయం ఏ రకమో తేల్చకుండా సాఫ్ట్‌వేర్ కొనేసి, తర్వాత ఎవరూ వాడట్లేదని ఏడ్చే సంస్థలు ఎన్నో ఉన్నాయి.

ఎవరూ వాడట్లేదు అన్నాను కదా, ఈ ఫీల్డులో నీకు నేను ఒకే ఒక్క పరిశోధన చదవమని చెప్పాల్సి వస్తే లిన్ మార్కస్ 1983లో రాసిన వ్యాసం చెప్తాను. ఒక పెద్ద కంపెనీలో కొత్త ఆర్థిక సమాచార వ్యవస్థ పెట్టారు, ప్రధాన కార్యాలయంలో అకౌంటెంట్లకి అది ప్రాణంలా నచ్చింది, విభాగాల్లోని అకౌంటెంట్లు మాత్రం ఏళ్ల తరబడి మొరాయించారు. మామూలుగా మనం ఏమంటాం? వాళ్లకి కొత్తది నేర్చుకునే మనసు లేదు అంటాం, లేదా సాఫ్ట్‌వేర్ బాగాలేదు అంటాం. ఆవిడ ఈ రెండూ కాకుండా మూడోది చూసింది. అంతకుముందు విభాగం వాళ్లు తమ లెక్కలు తమ దగ్గర ఉంచుకుని, తాము ఇవ్వదలుచుకున్నదే పైకి పంపేవాళ్లు. కొత్త సిస్టమ్ వచ్చాక లెక్కలన్నీ ఒకే డేటాబేస్‌లో పడ్డాయి, పైవాళ్లు ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. అంటే పెత్తనం కింది నుంచి పైకి పోయింది. మొరాయించినవాళ్లు తెలివితక్కువ వాళ్లు కారు, ఏం పోతోందో వాళ్లకి బాగా తెలుసు.

ఈ కళ్లద్దాలు ఒకసారి పెట్టుకుంటే మన చుట్టూ అంతా వేరేగా కనబడుతుంది. 1998లో మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ ఆఫీసులని కార్డ్ పేరుతో కంప్యూటరైజ్ చేశారు, రోజులు పట్టే పని గంటల్లో అయ్యేలా చెయ్యాలని ఉద్దేశం, దేశమంతా చెప్పుకున్నారు. అయినా ఇవాళ ఏ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లినా చుట్టుపక్కల డాక్యుమెంట్ రైటర్ల షాపులు అలాగే ఉన్నాయి. ఎందుకు? కంప్యూటర్ వచ్చింది ఆఫీసు లోపలికి, జనానికి భయం ఉన్నది మాత్రం ఆఫీసు బయట, ఏ కాగితం కావాలో, ఏ వాక్యం ఎలా రాయాలో తెలియని చోట. ఆ భయాన్ని తీర్చే మనిషి స్థానం కదల్లేదు. ఇది కోడింగ్ లోపం కాదు, కోడింగ్ ఎంత బాగున్నా తీరేది కాదు. ఇలాంటి సంగతిని పద్ధతిగా, ఆధారాలతో, వేరేచోట కూడా పనికొచ్చేలా చెప్పగలగడమే మన ఫీల్డు చేసే పని.

పక్క ఫీల్డులతో గట్టు తగాదా గురించి కూడా ఒక మాట. రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త 2007లో కేరళ జాలర్ల మీద ఒక పరిశోధన ప్రచురించాడు. సెల్‌ఫోన్లు వచ్చాక పడవలో ఉండగానే ఏ రేవులో ఎంత ధర ఉందో కనుక్కుని అక్కడికే తిప్పడం మొదలుపెట్టారు, రేవుకీ రేవుకీ ధరల తేడా బాగా తగ్గిపోయింది, చేపలు కొనేవాళ్లు లేక పారబోయడం ఆగింది, జాలర్ల లాభం సగటున 8 శాతం పెరిగింది, కొనేవాళ్లకి ధర 4 శాతం తగ్గింది. ఇది ఎకనామిక్సా, ఎంఐఎస్సా? రాసినాయన ఎకనామిస్టు, పద్ధతి ఎకనామిక్స్‌ది, కానీ ప్రశ్న మనది కూడా. ఇలాంటివి చూసి గాబరా పడకు. 1980లో ఫిలడెల్ఫియాలో ఈ ఫీల్డు వాళ్ల మొదటి పెద్ద అంతర్జాతీయ సదస్సు జరిగినప్పుడే పీటర్ కీన్ అనే ఆయన, మన మాతృ శాస్త్రాలు ఏవి, వాటి నుంచి ఏం తెచ్చుకుంటున్నాం, మన సొంతంగా ఏం పోగుచేస్తున్నాం అని నిలదీశాడు. మనస్తత్వ శాస్త్రం, ఎకనామిక్స్, కంప్యూటర్ సైన్స్, సంస్థల అధ్యయనం, అన్నిటి నుంచీ అప్పు తెచ్చుకునే ఫీల్డు ఇది. అప్పు తెచ్చుకోవడం తప్పు కాదు, తెచ్చుకున్నదాంతో ఏం పండించావన్నదే లెక్క. 2003 వాదంలో నేను ఎటువైపంటే, బెన్‌బసత్ వాళ్లు చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను: సమాచార వ్యవస్థని పక్కనబెట్టి ఊరికే మేనేజర్ల మనస్తత్వం మీద సర్వేలు చేస్తే అది మన పని కాదు. కానీ గట్టు మరీ గట్టిగా కడితే పై రెండు ఉదాహరణల్లాంటివి మన చేతికి అందవు.

ఇక మీ బావ మాట. కోడింగ్ రానివాళ్ల కోర్సు అనడంలో ఒక చేదు నిజం ఉంది, దాన్ని ఒప్పుకుని సరిదిద్దుకోవాలి. చాలా కాలేజీల్లో ఎంఐఎస్ అంటే డీఎస్ఎస్, ఈఆర్‌పీ, టీపీఎస్ అని పొడి అక్షరాల విస్తరణలు బట్టీ పట్టించి వదిలేస్తున్నారు. ఒక టేబుల్ ఎలా ఉంటుందో చూడకుండా, డేటాబేస్‌ని ప్రశ్న అడిగే ఎస్‌క్యూఎల్ క్వెరీ ఒక్కటి రాయకుండా ఎంఐఎస్‌లో డిగ్రీ తీసుకునే పిల్లల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. నువ్వు ఎస్‌క్యూఎల్ నేర్చుకో, ఎక్సెల్ గట్టిగా నేర్చుకో, కొంచెం పైథాన్ నేర్చుకో, ఒక పని మొదటి నుంచి చివరిదాకా ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోతుందో బొమ్మ గీయడం నేర్చుకో. మీ బావ అంత లోతుగా అక్కర్లేదు, కానీ ఆయనతో కూర్చుని మాట్లాడితే ఆయన మాట నీకు అర్థం కావాలి. ఆయనకి కూడా ఒకటి చెప్పు. నెల్లూరు జిల్లాలో వరి రైతు ధాన్యం ధర పుట్టిలో మాట్లాడతాడు, ఇక్కడ పుట్టి అంటే 850 కిలోలు. ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకి. లారీ ఎక్కేది బస్తాల్లో. హైదరాబాద్‌లో కూర్చుని ధాన్యం కొనుగోలు యాప్ తయారుచేసినవాళ్లకి ఇది ఎవరు చెప్తారు, తూకంలో తేమకి ఎంత తగ్గిస్తున్నారో స్క్రీన్ మీద రైతుకి కనబడాలా వద్దా అని ఎవరు నిర్ణయిస్తారు? ఆ పని చేసేవాళ్లని కంపెనీల్లో బిజినెస్ అనలిస్ట్ అంటారు, ఈఆర్‌పీ (సంస్థ పనులన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) కన్సల్టెంట్ అంటారు, సిస్టమ్స్ ఆడిట్ వైపు వెళ్తే సీసా (CISA) అనే సర్టిఫికేషన్ ఉంది, బీకాం ఉన్నదానివి, అది నీకు బాగా సరిపోతుంది. చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌కైనా, రొయ్యల ఎగుమతిదారుకైనా ఇలాంటి మనిషి అవసరం.

నాన్నకి ఇంత చరిత్ర అక్కర్లేదు. వేలం చీటీ ఒకటి చేతిలోకి తీసుకుని, దీని మీద ఏమేం రాయాలో, అది ఎవరెవరికి కనబడాలో, దాన్ని చూసి రైతు నష్టపోకుండా ఎలా నిర్ణయం తీసుకోవాలో తేల్చే చదువు నాన్నా అని చెప్పు. ఆయన వెంటనే ఆ చీటీలో ఏం తప్పులున్నాయో నీకు చెప్పడం మొదలుపెడతాడు, రాసుకో.

అమెరికా సంగతి. ఈజీ అని చెప్పిన కన్సల్టెన్సీ మాట మీద మాత్రం అప్పు చెయ్యొద్దు. అక్కడ ఎంఐఎస్ పేరుతో ఉన్న కోర్సులన్నీ ఒకటి కావు. కొన్ని బిజినెస్ స్కూల్లో ఉంటాయి, కొన్ని ఇంజనీరింగ్ వైపు మొగ్గుతాయి, ఒకే పేరున్న కోర్సు ఒక యూనివర్సిటీలో స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కింద ఉంటుంది, ఇంకోచోట ఉండదు. స్టెమ్ అయితే చదువయ్యాక పనిచేసుకునే ఓపీటీ 12 నెలలకి తోడు ఇంకో 24 నెలలు పొడిగింపు అడగొచ్చు, కాకపోతే ఆ 12 నెలలే. ఈ నిబంధనలు మారుతుంటాయి కాబట్టి అప్లై చేసేముందు యూనివర్సిటీ సొంత సైట్లో ఆ కోర్సు కోడ్ ఏంటో నువ్వే చూడు, కన్సల్టెన్సీ పీడీఎఫ్‌లో కాదు. సిలబస్‌లో డేటాబేస్, సిస్టమ్స్ అనాలిసిస్ ఉన్నాయో లేదో కూడా చూడు.

పీహెచ్‌డీ మీద మనసుంటే తొందరపడి అమెరికా ఎంఎస్‌కి వెళ్లాల్సిన పనే లేదు. మన ఐఐఎంలలో అహ్మదాబాద్, బెంగళూరు, కలకత్తా లాంటి చోట్ల ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లోనే డాక్టోరల్ ప్రోగ్రాములు ఉన్నాయి, ఫీజు మాఫీతో పాటు నెలనెలా స్టైపెండ్ కూడా ఇస్తారు. ముందు రెండేళ్లు ఉద్యోగం చేసి, సిస్టమ్స్ ఎలా ఓడిపోతాయో కళ్లారా చూసి, అప్పుడు వెళ్లమని నా సలహా. ప్రశ్న నీదై ఉండాలి, అది పుస్తకంలోంచి రాదు.

స్పెషలైజేషన్ సిస్టమ్స్ తీసుకో, సందేహం వద్దు. రెండో ఎలెక్టివ్ పెట్టుకునే వీలుంటే ఫైనాన్స్ పెట్టుకో. ఒక్క షరతు, మనుషులతో మాట్లాడటం ఇష్టం లేకపోతే మాత్రం ఈ దారి వద్దు, ఇందులో సగం పని వినడమే.

ప్రాజెక్టు టాపిక్ ఈపాటికి నువ్వే పట్టేసి ఉంటావు: వేలం కేంద్రాల్లో ధరల సమాచారం రైతు అమ్మకం నిర్ణయాన్ని ఎంతవరకు మారుస్తోంది. కస్టమర్ శాటిస్‌ఫాక్షన్ అని ఐదు పాయింట్ల ప్రశ్నాపత్రం పంచి, పై చార్టులు గీసే ప్రాజెక్టు దయచేసి చెయ్యొద్దు. ప్రశ్నాపత్రం తయారుచేసేముందే కొన్ని రోజులు వేలం కేంద్రంలో ఊరికే నిలబడి చూడు. ధర స్క్రీన్ మీద పడ్డాక రైతు ముందు ఎవరి మొహం చూస్తాడు, ఎవరికి ఫోన్ చేస్తాడు, ఇవ్వను అన్నప్పుడు ఏ లెక్క వేసుకుని అన్నాడు, ఇవి చూడు. తర్వాత ఇరవై ముప్పై మంది రైతులతో మాట్లాడు, "మీకు ధరల సమాచారం ఉపయోగపడుతోందా" అని అడిగితే అందరూ ఔననే అంటారు, ఆ ప్రశ్న వద్దు. "పోయినసారి నో బిడ్ అయిన బేలుని ఏం చేశారు, మళ్లీ ఎప్పుడు తెచ్చారు, ఆ మధ్యలో ధర ఎక్కడ కనుక్కున్నారు" అని జరిగిన పని అడుగు. సొంత బ్యారన్ ఉన్నవాళ్లనీ, బ్యారన్ కౌలుకి తీసుకున్నవాళ్లనీ విడివిడిగా రాసుకో, అప్పు ఉన్నవాళ్ల జవాబులు వేరుగా వస్తాయని నా అనుమానం, అదే నిజమైతే నీ ప్రాజెక్టులో అసలు విషయం అదే. కొనుగోలుదార్లలో కనీసం ఇద్దరితో మాట్లాడు, లేకపోతే కథ ఒకవైపే ఉంటుంది. రైతుల పేర్లు, బ్యారన్ నంబర్లు రిపోర్టులో వెయ్యకు. మీ ఊరివాళ్లే కాబట్టి ఎవరికి ఎంత అప్పుందో తెలిసినా మీ ఇంట్లో కూడా చెప్పకు.

వేలం కేంద్రం నిర్వహణాధికారికి పర్మిషన్ లెటర్ మీ కాలేజీ లెటర్‌హెడ్ మీద, గైడ్ సంతకంతో, సీజన్ మొదలవ్వకముందే ఇచ్చెయ్యి. వేలం ముమ్మరంగా నడిచే రోజుల్లో వాళ్లకి ఊపిరి సలపదు, అప్పుడు వెళ్తే రేపు రామ్మా అంటారు.